సొన పూసిన గాయం

బాపులపాడు,
మే 4, ఆదివారం

ఏరా నరసింహం,

కాల్లో మేకు దిగిన మనిషికి మామిడి సొన పూసి, పైన సున్నం అద్ది, గుడ్డ చుట్టి ఊరుకున్నవాణ్ణి రైతు అనాలా, భూతవైద్యుడు అనాలా? నువ్వే చెప్పు. జవాబు చెప్పకుండా ఈ కాగితం కింద పెట్టకు.

ఫోన్ చేస్తే మోగటం లేదు. నా నంబరు బ్లాక్ చేశావని మా రవికిరణ్ చూసి చెప్పాడు. కన్నకొడుకు ముందు నా పరువు బాగానే నిలబెట్టావు. పోయిన వారం ప్రవచనంలో "చెట్లకి మందు కొట్టే కూలీలకి ముక్కుకి గుడ్డ కూడా ఇవ్వని పెద్దమనిషి" అన్నానని కదా నీకు కోపం. నేను పేరు చెప్పలేదు. అంత జనంలో ఆ టోపీ నీ తలకే సరిపోయిందంటే తప్పు టోపీది కాదు. సరే, ఫోను కట్ చేయొచ్చు గానీ ఉత్తరాన్ని కట్ చేసే మీట ఎవరూ కనిపెట్టలేదు. ఉదయ్ ఎలాగూ మీ చాట్రాయి నుంచి హనుమాన్ జంక్షన్‌కి కాయ వ్యాను తోలుతున్నాడు, తిరుగు ప్రయాణంలో వాడి చేతికే ఇస్తున్నాను.

విషయానికి వస్తాను. మీ తోటలో కాయ కోసే మల్లయ్య పెళ్ళాం మంగమ్మ నిన్న నా ప్రవచనానికి వచ్చింది. శుక్రవారం మీ తోటలో పాత చెక్కపెట్టె మేకు కాల్లో దిగిందని, అయ్యగారు సొన వైద్యం చేశారని చెప్పింది. వినగానే నా ఒళ్ళు మండింది. మైకు అందుకుని అక్కడికక్కడే దాని మీద గంట మాట్లాడాను.

మన నాన్న చేశాడు కాబట్టి నువ్వు చేశావు. సొన చర్మాన్ని కాలుస్తుంది, కాల్చేదేదైనా విషాన్ని చంపుతుంది, ఇదీ మీ తండ్రీకొడుకుల శాస్త్రం. ఆ సొన చర్మాన్ని కాల్చి పైన అట్ట కడుతుంది. లోపల గాయానికి గాలి తగలదు. ఇప్పుడు విను.

మేకుకి పట్టిన తుప్పు ఎవర్నీ చంపలేదు. చంపేది మట్టిలో ఉంటుంది. నువ్వు ఏటా చెట్ల మొదళ్ళకి తోలిస్తావే పశువుల ఎరువు, అందులో ఒక సూక్ష్మజీవి గింజలా ముడుచుకుని పడుకుని ఉంటుంది. ఎండకి ఎండదు, ఏళ్ళు గడిచినా చావదు. దానికి గాలి గిట్టదు. గాలి చొరబడని లోతైన గాయం దొరికితే నిద్ర లేస్తుంది. నువ్వు దానికి గది కట్టి, తలుపు వేసి, సున్నం కూడా కొట్టించి ఇచ్చావు. గృహప్రవేశానికి నన్ను పిలవలేదేం?

అది మనిషి మాంసం తినదు. గాయంలోనే కదలకుండా కూర్చుంటుంది. పని చేసేది అది విడిచే విషం. ఆ విషం ఒకే ముక్క కాదురా, రెండు ముక్కలు ఒక్క ముడితో కట్టిన జంట. పెద్ద ముక్కకి చంపడం రాదు. నరం చివర ఎక్కడ పట్టుకోవాలో, ఎలా లోపలికి దూరాలో మాత్రమే దానికి తెలుసు. చిన్న ముక్క కత్తి. కోయడం తప్ప దానికి ఏమీ తెలియదు, ఒంటరిగా వదిలితే నరం గడప కూడా దాటలేదు. పెద్దది మోసుకెళ్తుంది, లోపలికి చేరాక ముడి తెగుతుంది, చిన్నది పని మొదలుపెడుతుంది.

రేపల్లెకి పాలివ్వడానికి వచ్చిన రాక్షసి కథ నీకు చిన్నప్పుడు నేనే చెప్పాను, నిద్రపోయి ఉంటావు. ఆవిడకి అందం ఎందుకు? యశోదమ్మ గుమ్మం దాటడానికి. రొమ్మున విషం ఎందుకు? వచ్చిన పనికి. అందం ఒక్కటే వస్తే చుట్టం, విషం ఒక్కటే వస్తే వాకిట్లోనే కర్ర పుచ్చుకుని తరిమేవాళ్ళు. రెండూ ఒకే ఒంట్లో రావడమే రాక్షసత్వం. కలరా విషానిదీ ఇదే పద్ధతి, పిల్లల గొంతు పట్టే కంఠసర్పిదీ ఇదే పద్ధతి. పట్టుకునే ముక్క ఒకటి, పొడిచే ముక్క ఒకటి. పాపానికి ఇంతవరకూ కొత్త ఉపాయం దొరకలేదు.

ఇదంతా అక్కకి ఎలా తెలుసని మూతి తిప్పకు. ఎదురింటి ప్రియాంక నర్సింగ్ పాసై పాత పుస్తకాలు కాగితాలవాడికి వేయబోతుంటే నేను తెచ్చుకున్నాను. సంస్కృతం ఎవరు నేర్పారు నాకు? అదీ ఇలాగే.

మల్లయ్యని రేపే ఆసుపత్రికి పంపి గాయం శుభ్రం చేయించు, టీటీ సూది వేయించు. వాడి ప్రాణం నీ లెక్కలో ఉంది. ఇంకో మాట, ఆవకాయకి కాయ ఎప్పుడు పంపుతావు? పోయినేడు పంపినవి ఆవకాయకి కాదు, పానకానికి పనికొచ్చేవి. ఈసారి ప్రతి చెట్టు కాయా కొరికి చూసి పుల్లనిదే పంపు.

నిన్ను ఎత్తుకుని తిరిగినందుకు నడుం నొప్పి మిగిలిన అక్క,
పున్నమ్మ


చాట్రాయి,
మే 6, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం ఉదయ్ తెచ్చి, పదిమంది కూలీల ముందు, "పెద్దమ్మగారు చదివించి జవాబు రాయించుకు రమ్మన్నారండీ" అన్నాడు. కోర్టు బంట్రోతు కూడా ఇంకాస్త మర్యాదగా ఇస్తాడు.

ముందు నా ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పు. ఊరూరా మైకు పెట్టి ఈ దేహం చిరిగిన చొక్కా, ఆత్మ దాన్ని విడిచి కొత్తది తొడుక్కుంటుంది, ఏడవద్దు అని చెప్పేది ఎవరు? చొక్కాకి ఒక్క మేకు తగిలితే ఇంత గోలేమిటి? నీ పరమాత్మ చెప్పింది నిజమైతే టీటీ ఎందుకు, టీటీ కావాలంటే పరమాత్మ ఎందుకు? రెండిట్లో ఒకటి తేల్చుకుని మైకు పట్టుకో.

సొన సంగతి. నాన్న డెబ్బై ఎనిమిదేళ్ళు బతికాడు. ఆయన కాళ్ళకి దిగని ముల్లు లేదు, పూయని సొన లేదు. ఏ రాక్షసీ రాలేదు.

అయినా నీ ఆజ్ఞ ప్రకారం మల్లయ్యని సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి పంపించాను. వాడు "నాకెందుకండీ సూది?" అని తెల్లబోయాడు. "మీ పెద్దమ్మగారి హుకుం, వెళ్ళి రారా" అన్నాను. "పెద్దమ్మగారికి నా మీద ఏమన్నా కోపమాండీ?" అన్నాడు. "ప్రేమరా, ఆవిడ ప్రేమ అలాగే ఉంటుంది" అన్నాను. జబ్బ వాచి ఇవాళ్టి దాకా చెట్టెక్కలేదు. కాయ పండిపోతోంది, నున్న మామిడి మార్కెట్‌వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. నీ కళ్ళు చల్లబడ్డాయా? నువ్వు అడిగింది మల్లయ్య గురించి. మల్లయ్యకి సూది పడింది. ఇంక నా తోట జోలికి రాకు.

మీ మరదలు హైదరాబాదులోనే ఉంది. అమ్మాయి యోగితకి నెలలు నిండాయి, నేడో రేపో అంటున్నారు. ఇల్లంతా నేనొక్కణ్ణే. వండుకోవడం బద్ధకమై పెరుగన్నంతో సరిపెడుతున్నాను. మొన్నటి గాలికి చిన్నరసాలు సగం రాలాయి. దానికి కూడా నేను చేసిన పాపమే కారణమని ప్రవచనంలో చెప్పేసుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఆవకాయ కాయకి పులుపు చూస్తున్నాను. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో జాడీ పెట్టాలన్నా నా నాలుకే కదా తూకం. నీకు కళ్ళు మూతలు పడే పులుపు వెతికి పంపిస్తాను, అప్పుడైనా కాసేపు నోరు మూతపడుతుందేమో.

సొన వైద్యుడు,
నరసింహం


రెడ్డిగూడెం,
మే 8, గురువారం

తమ్ముడూ,

ఈసారి "ఏరా" అనలేదు చూశావా. మాట విన్నవాడికి ఆ మాత్రం మర్యాద ఇస్తాను.

రెడ్డిగూడెంలో మూడు రోజుల ప్రవచనం పెట్టారు, రామాలయం పక్క షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. మైకువాడు ప్రతి శ్లోకానికీ ఒకసారి కుయ్యిమనిపిస్తున్నాడు. అయినా నిన్న నీ పేరు చెప్పాను. అవును, ఈసారి పేరు పెట్టి చెప్పాను. "మా తమ్ముడు లక్ష్మీనరసింహారావు మొండివాడే, కానీ ఒక కూలీవాడి కాలికి గాయమైతే పని ఆపి మరీ సూది వేయించాడు" అన్నాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నీకు చప్పట్లు పడటం నాకు అలవాటు లేక చదివిన శ్లోకమే మళ్ళీ చదివాను.

నీ ప్రశ్నకి జవాబు. దేహం చొక్కా అన్నాడు నిజమే. పాతబడితే మార్చుకుంటారన్నాడు. కొత్త చొక్కాని మేకుకి తగిలించి చింపుకోమని ఎక్కడన్నాడు? యుద్ధానికి వచ్చినవాణ్ణి కవచం విప్పేసి నిలబడమని ఎక్కడన్నాడు? గుర్రాలకి దెబ్బలు తగిలితే యుద్ధం మధ్యలో రథం ఆపించి, బాణాలు తీసి, నీళ్ళు పెట్టి, ఒళ్ళు తుడిచినవాడు ఆయన. గుర్రానికి సేవ చేసినవాడు మనిషికి సొన పూయడు. ఒక ముక్క విని రెండో ముక్క వినకపోవడం మీ మగవాళ్ళ వేదాంతం.

నాన్న సంగతి చెప్పావు. నాన్నకి ఏమీ కాలేదు, నిజమే. ఆయన గాయాల్లో ఆ గింజ పడలేదు, పడినా లేవలేదు. నీళ్ళలో దూకిన ప్రతివాడూ మునగడు. అంతమాత్రాన బావి గట్టుకి కంచె వద్దంటావా?

మిగతాది కూడా చెప్పేస్తాను, నీకు తెలియాలి. ఆ జంట విషం నరం పట్టుకుని కాలి నుంచి వెన్నులోకి ఎగబాకుతుంది. మన కండలకి వెన్నులోంచి రెండు రకాల కబుర్లు వెళ్తాయి. "బిగుసుకో" అని ఒకటి, "చాలు, ఆగు" అని ఒకటి. ఆ చిన్న కత్తి వెళ్ళి "ఆగు" అనే కబురు బయటికి రాకుండా కోసేస్తుంది. అంతే. ఇంకేం చేయదు. ఇక కండకి ఆగడం తెలియదు. ముందు కండా లాగుతుంది, వెనక కండా లాగుతుంది, వీపుది బలం ఎక్కువ కాబట్టి మనిషి విల్లులా వంగుతాడు. తెలివి మాత్రం పోదు, అంతా తెలుస్తూనే ఉంటుంది. ధనుర్వాతం అని ఊరికే పేరు పెట్టలేదు. ఇలాంటి కత్తే పట్టుకున్న దాయాది విషం ఇంకొకటుంది, చెడిపోయిన డబ్బా తిండిలో పుడుతుంది. అది "బిగుసుకో" అనే కబురునే కోస్తుంది, మనిషి తడిగుడ్డలా వాలిపోతాడు. ఒకరిని కర్ర చేస్తుంది, ఒకరిని గుడ్డ చేస్తుంది. ఎక్కడ కోయాలో తెలిసినవాడికి చిన్న కత్తి చాలు.

మల్లయ్యకి వేసిన సూదిలో ఏముందనుకున్నావు? అదే విషం, కోరలు పీకినది. ముఖం ఉంటుంది, కాటు ఉండదు. ఒంటికి ఆ ముఖం చూపిస్తారు, రేపు అసలుది వస్తే పట్టుకోవడానికి మనుషుల్ని తయారు చేసుకోమని. విచిత్రమేమిటంటే, ఆ రోగం వచ్చి బతికి బయటపడ్డవాడికి కూడా అది మళ్ళీ రాకూడదని లేదు. చంపడానికి చాలినంత విషం, ఒంటికి గుర్తుండడానికి చాలదు. అంత తక్కువతో పని ముగిస్తుంది. యోగితకి కడుపుతో ఉండగా సూది వేశారు కదా, పుట్టబోయే బిడ్డకి అదే కాపలా. కూతురికి దగ్గరుండి వేయించినవాడివి, నువ్వు ఎప్పుడు వేయించుకున్నావో చెప్పు చూద్దాం. చెప్పలేవు. తీరిగ్గా ఒకరోజు నువ్వూ వేయించుకో.

ఉదయ్ చేత పంపిన కాయ అందింది. పులుపు చాలదు. ఇంకా వెతుకు.

నీ గురించి ఒక్కరోజు మంచి మాట చెప్పి అలసిపోయిన,
అక్క


చాట్రాయి,
మే 11, ఆదివారం

అక్కా,

నీ పులుపు పిచ్చికి నా నోరు బలైంది. చెరువు వైపు చెట్లన్నీ తిరిగి కాయ కాయా కొరికాను. నిన్న పొద్దున్నుంచీ పళ్ళు పులిసిపోయి దవడ పట్టేసింది. ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోవడం లేదు. మజ్జిగలో గొట్టం వేసుకుని పీలుస్తున్నాను, అదీ సగం గొంతు దిగటం లేదు. లవంగ నూనె రాశాను. నీ ఆవకాయ మొదటి ముద్ద నాకే పంపాలి, అదీ నేను నమలగలిగితే.

నా పేరు మైకులో చెప్పావని ఇక్కడందరికీ తెలిసిపోయింది. రెడ్డిగూడెం నుంచి ఎవరో ఫోన్ చేసి "మీరు చాలా గొప్పవారండీ" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఎందుకంటే ఇప్పుడు నీకొక శుభవార్త చెప్పబోతున్నాను, కూర్చుని చదువు.

మేకు మల్లయ్య కాల్లో దిగలేదు. నా కాల్లో దిగింది.

మంగమ్మని నిన్న అడిగాను. "నేను చెప్పబోతానే ఉన్నానండీ, అయ్యగారి కాల్లో మేకు అని. పెద్దమ్మగారు సగంలోనే మైకు అందుకున్నారు. ఇంక ఆవిడ మాట్లాడతా ఉంటే ఎవరికండీ సందు?" అంది. అదీ సంగతి. మూడు లోకాల రహస్యాలూ తెలిసిన మా అక్కకి కాలు ఎవరిదో తెలియదు. గాయం ఒకడికి, సూది ఇంకొకడికి. దాని మీద చప్పట్లు. మొదటి ఉత్తరానికే చెప్పేవాణ్ణి, కానీ నువ్వు ఎంత దూరం వెళ్తావో చూద్దామనిపించింది. రెడ్డిగూడెం దాకా వెళ్ళావు.

గాయం సంగతి అడుగుతావని చెప్తున్నా, పైన అట్ట కట్టి గట్టిగా మానింది. చీము లేదు, నొప్పి లేదు. సొన గెలిచింది.

మెడ మాత్రం పట్టేసింది. రోజంతా కాయ కోసే చిక్కాల వైపు తలెత్తి నిలబడితే పట్టక ఏమవుతుంది. వీపు కూడా చెక్కలా ఉంది. ఇందాక ఉదయ్ గేటు దగ్గర హారన్ కొడితే ఒళ్ళంతా ఒక్కసారి బిగిసి వదిలింది, ముసలితనం అక్కా. మల్లయ్య ఏమో "ఏంటండీ అయ్యగారూ, పొద్దున్నుంచీ ఒకటే నవ్వుతున్నారు" అంటున్నాడు. నేను నవ్వటం లేదు. మూతి అలా పక్కలకి లాగుతోంది. పులుపు.

యోగితకి ఆడపిల్ల పుట్టింది. ఫోటో పంపారు. ముక్కు నీదే, పాపం. కాస్త నోరు తెరుచుకున్నాక వెళ్ళి చూసి వస్తాను.

రాత వంకరగా ఉంది, చెయ్యి అలసిపోయింది. ఉదయ్ రేపు పొద్దున్న తెస్తాడు.

నీ మైకుకి దొరకని తమ్ముడు,
నరసింహం


నూజివీడు దారిలో, కారులో,
మే 12, సోమవారం, పొద్దున

నరసింహం,

ఇది నీ చేతికి ఇచ్చినవాడు రవికిరణ్. కారు నీ వాకిట్లో ఉంది, ఇంజను ఆపవద్దన్నాను. చదవడం కోసం కూర్చోకు. చెప్పులు వేసుకుంటూ చదువు.

అది పులుపు కాదు. పులుపుకి పళ్ళు జివ్వుమంటాయి, దవడ బిగుసుకోదు. పులుపుకి వీపు చెక్క కాదు, హారన్‌కి ఒళ్ళు బిగియదు. మల్లయ్య చూసిన నవ్వు నీది కాదు. దవడ నరం పొట్టిది, అందుకే మేకు కాల్లో దిగినా ముందు దవడకి అందుతుంది. నువ్వు నాకు రాసింది ఎగతాళి ఉత్తరం అనుకున్నావు. ప్రియాంక పాత పుస్తకంలో ఉన్న రోగ లక్షణాలన్నీ వరసగా నీ చేతిరాతలో ఉన్నాయి.

గాయం మానింది, చీము లేదు అంటున్నావు. చీము పట్టించేది వేరే. ఇది చప్పుడు చేయదని నీకు రెండు ఉత్తరాలు రాశాను, నువ్వు నవ్వుకోవడానికి వాడుకున్నావు. మంగమ్మని మధ్యలో ఆపాను, అవును. ఆ తిట్లు బతికి తిట్టు. మంచం మీద కూర్చుని తీరిగ్గా తిట్టు, నోరు తెరవకుండా వింటాను. ఇప్పుడు కాదు.

పొద్దున ఉదయ్ కాగితం ఇచ్చిన చోటే నిలబడి చదివాను. నీకు ఫోన్ చేస్తే పాత పాటే. రవికిరణ్ ఫోన్ నుంచి చేస్తే నేనేనని కట్ చేశావు. మల్లయ్యకి చేశాను. "పడుకున్నారండీ, ఎవర్నీ రానివ్వద్దన్నారు, వెలుగు పడటం లేదంట" అన్నాడు. అక్కడితో ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. కారెక్కాను. నూజివీడు పెద్దాసుపత్రి డాక్టరుతో మాట్లాడాను. "ఎక్కడా ఆగకుండా తీసుకురండి, విషానికి విరుగుడు ఇక్కడే ఇచ్చి, ఊపిరికి మిషను ఉన్న చోటికి బెజవాడ పంపిస్తాం" అన్నారు. నేను అక్కడ దిగి గేటు దగ్గరే ఉంటాను. రవికిరణ్ ఒక్కడే నీ దగ్గరికి వస్తాడు. నేను వస్తే నువ్వు వాదనకి దిగుతావు, దానికి వ్యవధి లేదు.

విరుగుడు అంటే ఏమిటో విని ఆ తర్వాత నీ ఇష్టం. నరాన్ని పట్టుకున్న విషాన్ని ఇక ఏ డాక్టరూ ఊడబెరకలేడు. లోపలికి వెళ్ళిన కత్తి తన పని చేస్తూనే ఉంటుంది, అది అరిగిపోయేదాకా వారాల తరబడి నిన్ను కాపాడటమే మిగిలేది. కానీ ఒంట్లో ఇంకా తిరుగుతున్నది ఉంది, నరం దొరకనిది. దాని పట్టుకునే చేతుల్ని విరుగుడు ముందే కట్టేస్తుంది. ఎంత త్వరగా సూది పడితే అంత కట్టుబడుతుంది. ఆ అట్ట ఊడదీసి గాయం కడిగితే కొత్త విషం పుట్టకుండా ఆగుతుంది. నువ్వు గుమ్మంలో నిలబడి "పులుపే" అన్నంతసేపూ ఆ చేతులు ఒక్కో నరాన్నీ పట్టుకుంటూనే ఉంటాయి. నాతో కాదు నీ పందెం.

దేహం చొక్కా అని నాకు మళ్ళీ చెప్పకు. ఆ చొక్కాని నిన్న పుట్టిన పిల్ల ఒకసారి తన పిడికిట్లో పట్టుకోవాలి. అప్పటిదాకా అది నీది కాదు, విప్పే హక్కు నీకు లేదు.

మల్లయ్యా, నువ్వు పక్కనే ఉంటే రవికిరణ్ ఈ ముక్క నీకు చదివి వినిపిస్తాడు. నీకు పడిన సూది బాకీ ఇప్పుడు తీర్చు. అయ్యగారు రానంటే మంచంతో సహా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టు. గట్టిగా అరవకు, తలుపు దభీమని వేయకు, కళ్ళ మీద తుండు కప్పు, ఏ చప్పుడైనా ఒళ్ళు బిగిస్తుంది. నోట్లో నీళ్ళు పోయకు. దారిలో హారన్ కొట్టవద్దని రవికిరణ్‌కి చెప్పాను. అయ్యగారు నిన్ను తిడితే నా పేరు చెప్పు. ఆయన వెళ్ళాక తోటలో ఉన్నవాళ్ళనందర్నీ, మంగమ్మతో సహా, ఇవాళే టీకాకి తీసుకెళ్ళు. కాయ పండితే పండనీ.

తమ్ముడూ, అక్షరాలు వంకరగా ఉన్నాయంటే అది రోడ్డు. ఆసుపత్రి గేటు కనిపిస్తోంది, ఆపేస్తున్నాను.

లే. ఈ కాగితం మడవకు, జేబులో పెట్టకు, జవాబు రాయకు. మల్లయ్య భుజం మీద చెయ్యి వేసి ఇప్పుడే కారెక్కు.

గేటు దగ్గర నిలబడి ఉన్న,
అక్క